గుండీలు చేసిన చెయ్యి

లండన్ నగరంలో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని ఒక పెద్ద మ్యూజియం ఉంది. అందులో దేశదేశాల కుండలూ గిన్నెలూ పెట్టిన చోట ఒక చిన్న పనిగదిని కూడా తెచ్చి పెట్టారు. ఒక మనిషి బతికినన్నాళ్ళూ పనిచేసిన గది అది. ఇప్పుడందులో ఎవరూ మట్టి ముట్టుకోరు. వచ్చినవాళ్ళు నిలబడి చూసి పోతారు.

ఆ గది లూసీ రీ అనే ఆమెది. పుట్టిన ఊరు వియన్నా. అక్కడ ఉండటానికి వీల్లేకుండా చేస్తే లండన్ వచ్చి, ఒకప్పుడు గుర్రాలు కట్టేసిన సందులో ఒక ఇల్లు పట్టి, యాభై ఏళ్ళు అక్కడే మట్టి పిసికింది. ఆమె చేసిన గిన్నెలు ఇవాళ వేలంపాటల్లో ఒక్కోటి లక్షల రూపాయలకు పోతున్నాయి.

"మనకెందుకయ్యా ఈ దొరసాని కుండల గోల?" అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. లక్షల గిన్నె సంగతి కొనేవాళ్ళు చూసుకుంటారు. నేను చెప్పదల్చుకున్నది ఆమె చేసిన గుండీల గురించి. అవును, కోటుకీ గౌనుకీ కుట్టుకునే గుండీలే. ఆ గుండీల పని దగ్గర ఇద్దరు మనుషులు కలిశారు. వాళ్ళిద్దరి మధ్య జరిగిన ఒక్క సంగతి మన సంఘాల్లో పనిచేసే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సినదని నా అభిప్రాయం.

ముందు ఆమె పుట్టుక సంగతి. దాచేదేమీ లేదు, లూసీ కూలి ఇంట్లో పుట్టలేదు. 1902లో వియన్నాలో ఒక డబ్బున్న యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి పేరున్న చెవి డాక్టరు. 1922లో అక్కడి చేతిపనుల కాలేజీలో చేరింది. మిహాయెల్ పొవోల్నీ అనే పంతులు దగ్గర కుండల పని నేర్చుకుంది. 1925లో సొంతంగా పనిగది పెట్టింది. మరుసటేడు హాన్స్ రీ అనే వ్యాపారిని పెళ్ళి చేసుకుంది. 1937లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆమె పనికి వెండి పతకం వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డాక్టరు కూతురు కుండలు చేస్తానంది, కాలేజీకి పోయి నేర్చుకుంది, పతకం తెచ్చుకుంది. మన ఊళ్ళో ఇది జరిగే పనేనా? మన దగ్గర సారె కుమ్మరి వాకిట్లోనే తిరగాలి. కుమ్మరి కొడుకే కుమ్మరి. పెద్దింటి పిల్ల మట్టిలో చెయ్యి పెడితే ఇంటిపరువు పోతుంది. కుమ్మరి పిల్లవాడు వేరే పని చేస్తానంటే ఊరి పని ఆగిపోతుంది. మట్టి మనిషిని ఎంచుకోదు. దాన్ని పిసికే చెయ్యి ఎవరిదో కులం ముందే రాసి పెట్టింది. కులం పనిని పంచడంతో ఊరుకోలేదు, పనిచేసేవాళ్ళనే విడదీసి ఒకరిమీద ఒకర్ని మెట్లుగా పేర్చిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించింది ఈ సంగతినే.

అలాగని యూరప్ అంతా స్వర్గమని చెప్పబోతున్నానని అనుకోకండి. పనిని పుట్టుకతో ముడిపెట్టని ఆ దేశాల్లోనే మనిషినే పుట్టుకతో కొలిచే చట్టం వచ్చింది. 1935లో జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం న్యూరెంబర్గ్ చట్టాలు తెచ్చింది. నువ్వెవరు, ఏం పని చేస్తావు, ఏ దేవుణ్ణి మొక్కుతావు అని అడగలేదు. మీ తాతలూ అవ్వలూ నలుగురిలో ఎంతమంది యూదులని అడిగింది. ముగ్గురుంటే నువ్వు యూదువే. ఇక నీకు పౌరసత్వం లేదు, యూదులు కాని జర్మన్లని పెళ్ళాడే హక్కు లేదు, చివరికి బతుకు హక్కే లేదు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. వియన్నా వీధుల్లో యూదుల్ని, ఆడా మగా ముసలీ ముతకా అని చూడకుండా, మోకాళ్ళమీద కూర్చోబెట్టి రోడ్లు కడిగించారు. చుట్టూ నిలబడి నవ్వినవాళ్ళు నిన్నటిదాకా ఇరుగుపొరుగే. లూసీ అన్న పాల్ 1917లో అదే ఆస్ట్రియా తరఫున ఇటలీ సరిహద్దులో యుద్ధంలో చచ్చిపోయాడు. దేశం కోసం ప్రాణమిచ్చినవాడి చెల్లెలికి ఆ దేశంలో చోటు లేకుండా పోయింది. నెత్తురిచ్చినా లెక్కలోకి రాదు, పుట్టుకే లెక్కలోకి వస్తుంది. ఈ లెక్క మనకి ఒకరు చెప్పాలా?

1938లోనే ఆమె భర్తతో కలిసి లండన్ చేరింది. భర్త అక్కణ్ణుంచి అమెరికా పోయాడు. ఆమె పోలేదు. 1940లో పెళ్ళి కూడా రద్దయింది. ఆల్బియన్ మ్యూస్ అనే సందులో 18వ నంబరు ఇల్లు ఆమెకి దొరికింది. మ్యూస్ అంటే పూర్వం దొరల ఇళ్ళ వెనక గుర్రాలూ బళ్ళూ పెట్టుకునే వరస. కింద పనిగది, పైన కాపురం. 1939 నుంచి చివరిదాకా ఆమె చిరునామా అదే.

వియన్నాలో పతకాలు తెచ్చుకున్న మనిషి లండన్లో ఎవరికీ తెలీదు. అంతే అయితే బాగుండేది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. జర్మనీ నుంచి, ఆస్ట్రియా నుంచి వచ్చినవాళ్ళంతా ఇంగ్లండు దృష్టిలో శత్రుదేశపు మనుషులు. హిట్లర్ చేతిలోంచి తప్పించుకొచ్చినవాణ్ణి కూడా హిట్లర్ మనిషేమో అని అనుమానించారు. అక్కడ యూదువని తరిమారు, ఇక్కడ జర్మన్ భాష మాట్లాడతావని అనుమానించారు. అప్పటికే వేలమంది యూదు ఆడవాళ్ళు, చదువుకున్నవాళ్ళు కూడా, ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళలో పనిమనుషులుగా చేరతామంటేనే ఆ దేశంలో అడుగుపెట్టగలిగారు. కాందిశీకుడి బతుకంటే అది. నీకొచ్చిన పని ఏదో ఎవరూ అడగరు. వాళ్ళకి కావాల్సిన పని నువ్వు చెయ్యాలి.

లూసీ కూడా అదే చేసింది. యుద్ధకాలంలో కొన్నాళ్ళు అద్దాల పరికరాలు చేసే ఫ్యాక్టరీలో పనికి పోయింది. మరోపక్క గుండీలు. వియన్నా నుంచే వచ్చిన ఫ్రిట్జ్ లాంపుల్ అనే ఆయన లండన్లో బిమిని అనే పేరుతో గాజు గుండీలు, నగలు చేయించేవాడు. ఆయన దగ్గర ఆమెకి పని దొరికింది. కాందిశీకుడు కాందిశీకురాలికి ఇచ్చిన పని అది. తర్వాత ఆమె తన పనిగదిలోనే మట్టి గుండీలు చేయడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద బట్టల దుకాణాలు, ధనవంతుల గౌన్లు కుట్టే కంపెనీలు వాటిని కొనేవి.

గుండీ పని ఎట్లా ఉంటుందో చెప్తాను. మట్టిని చిన్న ముద్దగా తీసుకుని అచ్చులో నొక్కాలి. ఆరబెట్టాలి. పూత పుయ్యాలి. బట్టీలో కాల్చాలి. పువ్వులాంటివి, ముడిలాంటివి, తమలపాకు ముడత లాంటివి, నత్తగుల్ల లాంటివి, ఎన్నో రకాలు. అసలు కష్టం రంగు దగ్గర. బట్టల కంపెనీవాళ్ళు గుడ్డముక్క ఇచ్చి సరిగ్గా ఆ రంగు గుండీ కావాలంటారు. రంగు పూత పూసినప్పుడు ఒకలా ఉంటుంది, కాలాక ఇంకోలా తేలుతుంది. రాగి ఒక వేడిలో ఆకుపచ్చ ఇస్తుంది, మాంగనీసు గోధుమ, నలుపు ఇస్తుంది. వేడి కాస్త తేడా వస్తే మొత్తం మారిపోతుంది. అంటే ప్రతి గుడ్డముక్కా ఆమెకి ఒక పరీక్షే. వేలకొద్దీ గుండీలు, వందల రకాల పూతలు. పక్కన కూర్చుని చేసింది ఎవరు? ఆమెలాగే తరిమేయబడి వచ్చినవాళ్ళు చాలామంది.

ఇప్పుడు కళ గురించి రాసే పండితులు ఈ గుండీల్ని ఎట్లా రాస్తారో చూడండి. పొట్టకూటికోసం చేసిన పని అంటారు, ఒక వాక్యంలో దాటేస్తారు. అసలు కళ తర్వాత మొదలైందంటారు. నేను ఒప్పుకోను. తర్వాత ఆమె గిన్నెలమీద తేలిన ఆ పసుపూ, ఆ గులాబీ, ఆ నీలం ఎక్కడ నేర్చుకుంది? చెయ్యి ఎక్కడ తిరిగింది? గుండీల దగ్గరే. పొట్టకూటి పనిలో నేర్చుకోని మనిషి ఉంటాడా? దాన్ని చిన్నపని అన్నవాడు పొట్టకూటికోసం ఎన్నడూ పని చెయ్యనివాడై ఉంటాడు.

ఇక 1946 సంగతికొద్దాం. యుద్ధం అయిపోయింది. గుండీల గిరాకీ బాగా ఉంది, చేతులు చాలడం లేదు. హాన్స్ కోపర్ అనే కుర్రవాడు పని అడుగుతూ వచ్చాడు. జర్మనీలో కెమ్నిట్స్ ఊరివాడు. 1920లో పుట్టాడు. తండ్రి యూదుడు, నాజీల రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నాడు. కొడుకు 1939లో ఇంగ్లండు వచ్చిపడ్డాడు. 1940లో ఇంగ్లండు ప్రభుత్వం అతన్ని శత్రుదేశస్థుడని పట్టుకుని ఓడెక్కించి కెనడాలో నిర్బంధ శిబిరంలో పెట్టింది. సైన్యంలో తుపాకీ ఇవ్వని కూలిదళం ఒకటుంది, పయనీర్ దళం అని. అందులో చేరతానంటే వెనక్కి రానిచ్చింది. తరిమిన దేశం ఒకటి, బంధించిన దేశం ఇంకొకటి, కూలి చేయించుకున్న దేశం కూడా అదే. లూసీ తలుపు తట్టేనాటికి అతని దగ్గర ఏ పనీ లేదు. బొమ్మలు చెక్కాలని మనసులో ఉంది. కుండల పని ఒక్క రోజు కూడా చేసి ఎరగడు.

ఆమె అతన్ని గుండీల్లో పెట్టింది. అతని చెయ్యి చూసింది. ఇతను గుండీల దగ్గర ఆగే మనిషి కాదని త్వరగానే తెలుసుకుంది. సారె పని నేర్చుకోమని వేరే గురువు దగ్గరకి పంపింది. వచ్చాక తన పక్కన సారె ముందు కూర్చోబెట్టింది. కూలికొచ్చినవాడు కొద్దికాలంలోనే పనిలో పాలివాడయ్యాడు. ఇద్దరూ కలిసి కప్పులు, సాసర్లు, పళ్ళేలు చేశారు. వాటి అడుగున ఇద్దరి ముద్రలూ ఉండేవి. ఆమెది ఎల్.ఆర్., అతనిది హెచ్.సి.

ఈ ముద్రల సంగతి మామూలుగా తీసుకోకండి. పనిగది ఆమెది. పెట్టుబడి ఆమెది. పేరు ఆమెది. పని నేర్పించిందీ ఆమే. తన ఒక్కదాని ముద్ర వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. లోకంలో ఎక్కువమంది చేసేది అదే. నేసినవాడి పేరు చీరమీద ఉండదు, షావుకారు పేరుంటుంది. చెక్కినవాడి పేరు గుడిమీద ఉండదు, కట్టించిన రాజు పేరుంటుంది. ఊళ్ళో ఈ కుండ ఎవరు చేశారంటే "కుమ్మరోడు" అంటారు. చెప్పు ఎవరు కుట్టారంటే కులం పేరు చెప్తారు. ఆ మనిషికి తల్లి పెట్టిన పేరు ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. ఆ గుర్రాల సందులో ఒక చిన్న గదిలో కూలికొచ్చినవాడి పేరు కూడా గిన్నె అడుగున ఎక్కింది.

ఇక నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క సంగతి.

ఆ రోజుల్లో ఇంగ్లండులో కుండల పనికి పెద్ద తలకాయ బెర్నార్డ్ లీచ్. జపానులో ఉండి పని నేర్చుకున్నాడు. ఇంగ్లండు పడమటి తీరాన సెయింట్ ఐవ్స్‌లో బట్టీ పెట్టాడు. 1940లో ఆయన కుండల పనిమీద పుస్తకం రాస్తే కుండలు చేసేవాళ్ళకి అది శాస్త్రమైపోయింది. మంచి కుండ అంటే బరువుండాలి, మట్టి రంగులుండాలి, పాత చైనా, జపాను, పాత ఇంగ్లండు పల్లెల కుండల పోలిక ఉండాలి. ఆ కొలతకి లూసీ పాత్రలు నిలబడలేదు. గోడ మరీ పల్చన. రూపం పట్నపు రూపం. ఆయనకి నచ్చలేదు, చెప్పాడు. చెడ్డవాడై చెప్పలేదు. ఆమెకి స్నేహితుడే, చివరిదాకా స్నేహితుడిగానే ఉన్నాడు. ఆమె కూడా ఆయన్ని గౌరవించింది.

గౌరవించి ఏం చేసింది? తన చేతిని మార్చుకోబోయింది. వియన్నాలో పదమూడేళ్ళు పనిచేసిన మనిషి, పారిస్‌లో పతకం తెచ్చిన మనిషి, లండన్లో పెద్దాయన మాట విని మందపు గోడల బరువు కుండలు చేయడానికి కూర్చుంది. అవి రాలేదు. వచ్చినవి కూడా ఆమెవిలా లేవు. కొత్త దేశంలో కొత్తవాళ్ళకి ఇదే గతి. ఉండనిచ్చారు కదా అన్న కృతజ్ఞత ఒకటుంటుంది. వాళ్ళ కొలతే కొలత అన్న భయం ఒకటుంటుంది. రెండూ కలిసి మనిషి చేతిని కట్టేస్తాయి.

ఆ కట్టు విప్పింది ఎవరు? విమర్శకుడు కాదు, ప్రొఫెసరు కాదు. గుండీల పనికొచ్చిన హాన్స్ కోపర్. ఆమెకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్న. నిన్నమొన్న సారె పట్టినవాడు. వాళ్ళలా చెయ్యొద్దు, నీకు వచ్చిన తీరులో నువ్వు చెయ్యి అని ఆమెకి ధైర్యమిచ్చింది అతనే. ఆమె వింది. మళ్ళీ పల్చటి గోడల దగ్గరకొచ్చింది. అక్కణ్ణుంచి ఇక వెనక్కి చూడలేదు. ఇవాళ మ్యూజియాల్లో ఉన్న ఆమె పనిలో ఎక్కువ భాగం ఆ తర్వాతదే.

మిత్రులారా, ఈ ఒక్క సంగతి కోసమే ఇంత చెప్పాను. పెద్దలు మన రాతల్ని ఎన్నిసార్లు ఇట్లా తూచలేదు? మీ మాట మొరటు అన్నారు. మీ పాటలో శిల్పం లేదన్నారు. ఆమెని మరీ సుకుమారం అన్నారు, మనల్ని మరీ మొరటు అన్నారు. తిట్టు వేరు కావచ్చు, తక్కెడ మాత్రం ఒకటే. తక్కెడ ఎవడి చేతిలో ఉందో వాడి సరుకే ఎప్పుడూ బరువు తూగుతుంది. ఆ తక్కెడ పట్టుకున్నవాడు మంచివాడే కావచ్చు, మన స్నేహితుడే కావచ్చు. అప్పుడే మరీ జాగ్రత్త పడాలి. శత్రువు మాట మనం ఎట్లాగూ వినం. మనల్ని మార్చేది స్నేహితుడి మాటే.

ఇంకో సంగతి కూడా ఉంది. పెద్దదానికి చిన్నవాడు చెప్పాడు, యజమానికి పనివాడు చెప్పాడు, నేర్పినదానికి నేర్చుకున్నవాడు చెప్పాడు. చెప్పగలిగాడంటే ఆ పనిగదిలో చెప్పే వీలుంది. మన సంఘాల్లో ఆ వీలుందా? నిన్న చేరిన కుర్రవాడు, పెద్ద నాయకుడితో "అన్నా, నువ్వు వాళ్ళ భాష మాట్లాడుతున్నావు" అంటే మనం వింటామా, బయటికి పొమ్మంటామా? ఎవరికి వాళ్ళు గుండెమీద చెయ్యేసుకుని జవాబు చెప్పుకోవాలి.

తన తీరుకి తిరిగొచ్చాక ఆమె పని ఎట్లా సాగిందో కూడా తెలుసుకోవాలి. గట్టిగా కాల్చే పెద్ద కరెంటు బట్టీ 1948లో వచ్చింది. మామూలుగా ఇట్లాంటి పాత్రల్ని ఒకసారి కాల్చి, పూత పూసి, రెండోసారి కాలుస్తారు. లూసీ పచ్చి పాత్రకే కుంచెతో పూత పూసి ఒక్కసారే కాల్చేది. 1,250 డిగ్రీల దగ్గర వేడి. పచ్చి మట్టి పూతలోని తడి పీలిస్తే మెత్తబడి విరుగుతుంది. చెయ్యి తేలిగ్గా ఉండాలి, అదను తెలిసుండాలి. పాత్రమీద నల్లని పూత పూసి సూదితో సన్నటి గీతలు గీసేది. కింది తెలుపు ఆ గీతల్లోంచి బయటపడేది. అంచునుంచి అడుగుదాకా వందల గీతలు, ఒక్కోటి చేత్తోనే.

ఆ గీతలు ఆమెకి ఏ రాజమహల్లోనూ దొరకలేదు. ఇంగ్లండులో ఏవ్‌బరీ అనే ఊళ్ళో తవ్వకాల మ్యూజియం ఉంది. వేల ఏళ్ళ కిందటి కుండలు అక్కడ పెట్టారు. వాటిమీద గీసిన గీతలు చూసి ఆమె నేర్చుకుంది. ఆ కుండలు చేసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు. వాళ్ళు ఏ దేశంవాళ్ళని, ఏ జాతివాళ్ళని ఆమె అడగలేదు. వాళ్ళ చేతిపని చూసింది, తన చేతికి తెచ్చుకుంది. మట్టిపనికి సరిహద్దు గీసింది మట్టి కాదు, మనుషులే.

కోపర్ 1958లో వేరే చోటికి పోయి సొంత పని పెట్టుకున్నాడు. ఇద్దరి స్నేహం మాత్రం పోలేదు. కోవెంట్రీ అనే ఊరిమీద 1940లో జర్మన్లు బాంబులు కురిపిస్తే అక్కడి పెద్ద చర్చి కూలిపోయింది. కొత్తది కట్టి 1962లో తెరిచారు. అందులో నిలువెత్తు కొవ్వొత్తి స్తంభాలు ఆరున్నాయి. మట్టివి. వాటిని చేసింది ఎవరనుకున్నారు? శత్రువని ఇంగ్లండు బంధించి సముద్రం దాటించిన ఆ కోపరే. అతను 1981లో చనిపోయాడు.

లూసీ లండన్లో క్యాంబర్‌వెల్ కళాశాలలో 1960 నుంచి 1972 దాకా పాఠాలు చెప్పింది. 1967లో అక్కడి ప్రభుత్వ కళల మండలి ఆమె జీవితకాలపు పనినంతా ప్రదర్శన పెట్టింది. ఒకప్పుడు శత్రుదేశపు మనిషి అన్న ప్రభుత్వమే 1991లో డేమ్ అన్న బిరుదిచ్చింది. అప్పటికి ఆమెకి ఎనభై తొమ్మిదేళ్ళు. 1990లో పక్షవాతం వచ్చేదాకా పని చేస్తూనే ఉంది. 1995 ఏప్రిల్ 1న అదే ఇంట్లో కన్నుమూసింది.

గుండీలు ఏమైనాయి? అదీ చెప్తాను. ఇస్సే మియాకే అని జపాను దేశపు పేరున్న దుస్తుల రూపకర్త ఉండేవాడు. హిరోషిమాలో అణుబాంబు పడ్డనాడు ఏడేళ్ళ పిల్లవాడు, బతికి బయటపడ్డాడు. ఆయన లూసీ పనిగదికి వచ్చి ఆ పాత గుండీలు చూశాడు. 1989లో తన బట్టలకు వాటిని కుట్టించాడు. అదే ఏడు జపానులో ఆమె పనికి పెద్ద ప్రదర్శన కూడా ఏర్పాటు చేశాడు. యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి చేసిన గుండీకి యుద్ధంలో ఊరే పోగొట్టుకున్న మనిషి విలువ కట్టాడు. పండితులు ఒక వాక్యంలో దాటేసిన పని అది.

ఇక అభ్యంతరాలు. ఆమె గుండీలు కొన్నది ధనవంతులు, గిన్నెలు కొన్నదీ ధనవంతులే కదా అనొచ్చు. నిజమే. పేదవాడి ఇంట్లో ఆ గిన్నెలో గంజి తాగలేదు. ఆమె ఏ ఉద్యమంలోనూ జెండా పట్టలేదు కదా అనొచ్చు. అదీ నిజమే. తన కుండల గురించి కూడా పెద్దగా మాట్లాడని మనిషి ఆమె. డబ్బున్న ఇంట్లో పుట్టబట్టి కాలేజీకి పోయింది, తప్పించుకుని రాగలిగింది, ఇల్లు పట్టగలిగింది. డబ్బులేని యూదులు లక్షల మంది తప్పించుకోలేకపోయారు. ఆమెని దేవతని చేసి దండ వెయ్యమని నేను చెప్పడం లేదు. మనకి బొమ్మలు చాలానే ఉన్నాయి.

కానీ ఆ గదిలో జరిగిన పని మనది. వచ్చినవాడి పుట్టుక అడగకుండా పని నేర్పడం మనది. పొట్టకూటి పనిని చిన్నబుచ్చకుండా అందులోంచే చేతిని పదును పెట్టుకోవడం మనది. చేసినవాడి పేరు సరుకుమీద వెయ్యడం మనది. పెద్దల తక్కెడకి భయపడి మన చేతిని మార్చుకోబోతే, పక్కవాడు పట్టుకుని ఆపడం మనది. ఇవి చెయ్యడానికి కరెంటు బట్టీ అక్కర్లేదు, లండన్ అక్కర్లేదు.

ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఈసారి మీ ఊళ్ళో సంఘం మీటింగు పెట్టినప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఊళ్ళో కుండ చేసేవాళ్ళు, చెప్పు కుట్టేవాళ్ళు, డప్పు కట్టేవాళ్ళు, బుట్ట అల్లేవాళ్ళు, నేసేవాళ్ళు ఎవరెవరున్నారో రాయండి. కులం పేరు రాయొద్దు. మనిషి పేరు రాయండి. ఆడవాళ్ళ పేర్లు ముందు రాయండి, ఎందుకంటే మట్టి తొక్కేదీ, నీళ్ళు మోసేదీ, దారం తీసేదీ వాళ్ళే, పేరు మాత్రం మొగుడిది. ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకున్నారో కూడా అడిగి రాయండి. చనిపోయినవాళ్ళవి కూడా. ఆ కాగితాన్ని సంఘం గోడమీద అంటించండి. మన పత్రికకి ఒక నకలు పంపండి.

గిన్నె అడుగున ముద్ర వెయ్యడం మనం ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం.